ప్రయోజనాల గడిలో సున్నా

అది నాలుగు పేజీల కాగితం. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర నోటీసు బోర్డుకు అంటించి వెళ్లారు. ఇలాంటి కాగితాలను ఎవరూ చదవకూడదనే అంత చిన్న అక్షరాలతో అచ్చేస్తారేమో గానీ, చెన్నమ్మ దగ్గర ఆ పప్పులుడకవు. ఇరవై ఏళ్లుగా చర్చిలో ఆదివారం పిల్లలకు బైబిలు చదివి చెప్పే మనిషి ఆమె. కూరగాయల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, ఎండలో నిలబడి నాలుగు పేజీలూ చదివింది.

రాళ్లు కోసే షెడ్ల కోసం సర్కారు ఒక కొత్త నిబంధన రాసింది. మిషన్ తిరుగుతున్నంతసేపూ రాయి మీద నీళ్లు పారుతూ ఉండాలి. దుమ్మును పీల్చే ఫ్యాన్లు పెట్టాలి. పొడిరాయి మీద గ్రైండరు పెట్టకూడదు. మొదటి రెండు పేజీల్లో ఉన్నది ఇదే. ఆ నీళ్లేవో పదేళ్ల ముందే పారించి ఉంటే ఆమె మొగుడు యెషయా నలభై ఒకటో ఏట మంచానికి అతుక్కుపోయి, గుక్కెడు గాలి కోసం కొట్టుకుని పోయేవాడు కాదు. అతను పోయి ఎనిమిదేళ్లు. ఇప్పుడు కొడుకు ఎడ్విన్ అదే షెడ్డులో, అదే గ్రైండరు పట్టుకుని ఉన్నాడు. వాడికి పొద్దున్నే దగ్గు వస్తోంది. జలుబంటాడు.

మూడో పేజీలో ఒక పట్టిక ఉంది. ఎడమవైపు నిబంధన వల్ల నష్టాలు, కుడివైపు ప్రయోజనాలు. నష్టాలు పదకొండు వరసల్లో ఉన్నాయి. నీళ్లకు ఖర్చు, కరెంటుకు ఖర్చు, పని ఆలస్యం, మూతపడే షెడ్లు, పోయే కూలిపనులు. ప్రయోజనాల వైపు ఒక్కటే వరస. తగ్గే మరణాలు: సున్నా. గత పదేళ్లలో రాతిదుమ్ము వల్ల చనిపోయినట్టు ఒక్కరు కూడా నమోదు కాలేదు కాబట్టి. నాలుగో పేజీలో, నష్టమే ఎక్కువ కనక నిబంధనను విరమించుకోవాలని ప్రతిపాదన. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో రాసివ్వాలి. ఆ తర్వాత నంద్యాలలో బహిరంగ విచారణ.

ఎంత సుఖమైన లెక్క. చచ్చినవాళ్లను రాయరు, రాయలేదు కాబట్టి చావలేదంటారు. చెన్నమ్మకు ఒళ్లు మండిపోయింది.

రాత్రి అన్నం దగ్గర కొడుకుతో ఆ మాటే ఎత్తింది. ఎడ్విన్ తల ఎత్తలేదు.

"మా, నువ్వు ఈ కాగితాల జోలికి పోవాకు. ఆ రూలు వస్తే షెడ్లు మూస్తారంట. వీరబ్రహ్మన్న చెప్పినాడు."

వీరబ్రహ్మం షెడ్డు యజమాని. చెడ్డవాడేం కాదు, పండగకు పలకరిస్తాడు. దుమ్ము లేచేచోట మాత్రం నిలబడడు. ముందుగదిలో కూచుని విగ్రహాల ముఖాలు గీస్తాడు.

"ఆయప్ప చెప్పకుంటే ఎవరు చెప్తార్లే. నీళ్లు పోసి కోసుకుంటే రాయేమన్నా కరుగుతాదా?"

"రాయి మీద గీసిన గీత కనపడదు మా నీళ్లల్లో. పని బేగా కాదు."

"మీ నాయన బేగానే పోయినాడు గదరా."

ఎడ్విన్ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. చెన్నమ్మ ఆపలేదు.

మర్నాడు నంద్యాల బస్సెక్కింది. ఆ నివేదిక తయారుచేసిన ఆఫీసు పట్టుకోవడానికి ముగ్గురిని అడగాల్సి వచ్చింది. అక్కడ అనిత అని ఒక కాంట్రాక్టు ఉద్యోగిని కంప్యూటరు ముందు కనబడింది. ముప్పై కూడా దాటని పిల్ల. ఆ పట్టిక రాసింది తనేనని ఒప్పుకుంది.

"నిబంధన తెచ్చేముందు దానివల్ల ఎవరికి ఏం జరుగుతుందో అంచనా వేయాలమ్మా. షెడ్ల వాళ్లు ఒక్కో ఖర్చూ రాసి, కాగితాలు జతచేసి ఇచ్చారు. అది నష్టాల వైపు వేశాను. ఇటువైపు వేద్దామని ఆరోగ్య రికార్డులన్నీ తిరగేశాను. ఎక్కడా దుమ్ము అన్న మాట లేదు. అందరూ క్షయతో పోయినట్టే ఉంది. లేనిది నేనెట్లా వేసేది?"

క్షయ అన్న మాటకు చెన్నమ్మ చూపు దించుకుంది. ఆమె ముఖంలో రంగు మారడం అనిత గమనించిందో లేదో.

"మా ఊరికొచ్చి ఎవరినైనా అడిగినావా పాపా?"

"అడిగే టైమివ్వలేదమ్మా. రికార్డులు చూసి రాయమన్నారు." అనిత గొంతు తగ్గించింది. "మీరు రాసివ్వండి. రాతపూర్వకంగా వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఫైలులో జవాబు రాయాల్సిందే. జవాబు రాయకుండా ఎవరూ సంతకం పెట్టలేరు."

ఆ ఒక్క మాట పట్టుకుని చెన్నమ్మ తిరుగుబస్సెక్కింది. ఏం రాసివ్వాలో బస్సులోనే తట్టింది.

ఆళ్లగడ్డలో రాతిపని చేసే క్రైస్తవుల మధ్య ఒక ఆనవాయితీ ఉంది. షెడ్డు మనిషి పోతే సమాధిరాయి అంగట్లో కొనరు. తోటి పనివాళ్లే మంచి రాయి చూసి, పేరూ వయసూ చెక్కి, కింద చిటికెనవేలంత ఉలి బొమ్మ వేస్తారు. ఎవరూ కూలి అడగరు. ఆ ఉలి ఉందంటే వీడు మావాడు అని అర్థం. యెషయా రాయి మీద ఉలిని ఎడ్విన్ చెక్కాడు, పద్దెనిమిదేళ్ల వయసులో. వాడు చెక్కిన మొదటి బొమ్మ అదే.

చెన్నమ్మ నోటుపుస్తకం తీసుకుని మూడు రోజులు సమాధుల తోటలో తిరిగింది. ముళ్లకంప తొలగించుకుంటూ, రాళ్ల మీద మన్ను కొంగుతో తుడుచుకుంటూ, ఉలి ఉన్న ప్రతి రాయి మీది పేరూ, తేదీ, వయసూ రాసుకుంది. గత పదేళ్లలో పోయినవాళ్లు పద్నాలుగు మంది. అందరిలోకీ పెద్దవాడికి యాభై రెండు. చిన్నవాడికి ముప్పై మూడు. ముప్పై మూడు అని రాసి, ఆమె రాయి మీద ఇంకోసారి చూసుకుంది. ఎడ్విన్‌కు ఇరవై ఆరు.

ఆ పేర్లన్నీ అభ్యంతరంగా రాసి, గడువులోపే ఆఫీసులో ఇచ్చివచ్చింది. విచారణ రోజున నంద్యాల హాలు నిండిపోయింది. వీరబ్రహ్మం రెండు టెంపోల్లో పనివాళ్లను తెచ్చాడు. వాళ్లలో ఎడ్విన్ కూడా ఉన్నాడు. తల్లిని చూసి చూపు తిప్పుకుని, వెనక వరసలో కూచున్నాడు. చెన్నమ్మకు చురుక్కుమంది. కన్నకొడుకు తనకు ఎదురుపక్షంలో కూచుంటే ఏ తల్లికి మాత్రం బాధ ఉండదు? అయినా ముందుకు నడిచి మొదటి వరసలోనే కూచుంది.

వేదిక మీద నడివయసు అధికారి, పక్కన అనిత. మొదట వీరబ్రహ్మం మాట్లాడాడు. చక్కగానే మాట్లాడాడు. తరాల నాటి పని అన్నాడు, ఈ రూలు వస్తే నాలుగు వందల పొయ్యిలు ఆరిపోతాయన్నాడు. వెనక చప్పట్లు మోగాయి.

తర్వాత చెన్నమ్మను పిలిచారు. ఆమె నోటుపుస్తకం బల్ల మీద పెట్టి, పద్నాలుగు పేర్లూ పైకి చదివింది. వయసులతో సహా. ఏడో పేరు వచ్చేసరికి హాలు సద్దుమణిగింది.

అధికారి ఓపికగానే విన్నాడు. "పెద్దమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఈ పద్నాలుగు మందీ రికార్డుల్లో ఉన్నారు. క్షయ అని ఉంది. సమాధిరాయి మీద వయసు ఉంటుంది గానీ జబ్బు ఉండదు కదా. రికార్డును కాదని నేను ఇంకొకటి రాయలేను."

అక్కడితో ఆమె కూచుంటుందనుకున్నారు అందరూ. ఆమెకూ కూచోవాలనే ఉంది. ఎనిమిదేళ్లుగా పాస్టరుకు కూడా చెప్పని మాట ఒకటి గొంతు దాకా వచ్చి నిలిచింది. చెబితే కొడుకు ముందు తల ఎత్తుకోలేదు. చెప్పకపోతే ఆ కొడుకే ఉండడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"ఆ రికార్డు తప్పు సారూ. తప్పు రాపిచ్చింది నేనే."

అధికారి కలం కింద పెట్టాడు.

"డాక్టరు నాతో ఉన్నదున్నట్టు చెప్పినాడు. టీబీ కూడా ఉండాది గానీ, ఊపిరి తీసింది మాత్రం రాతిదుమ్మేమ్మా అన్న్యాడు. అదే రాయబోయినాడు. నేనే ఆయప్ప చెయ్యి పట్టుకున్న్యా. దుమ్మని రాయొద్దప్పా, టీబీ అని రాయి అని కాళ్లబడ్డా. దుమ్మని రాస్తే షెడ్డోళ్ల మీదికి వస్తాది. ఆ ఇంటి పిల్లోన్ని యే షెడ్డులోనూ చేర్చుకోరు. నా కొడుక్కి అప్పుడు పద్దెనిమిదేండ్లు. వానికి పని కావాల సారూ. మొగుడు ఎట్లాగూ పాయ, కొడుకన్నా బతకాలని అట్ల రాపిచ్చినా."

ఆమె అక్కడితో ఆగలేదు.

"నేనొక్కదాన్నే కాదు. మా వీధిలో ఎవరి ఇంటికి పోయినా ఇదే కథ. ఇంటింటికీ ఒక పిల్లోడుండాడు గదా. మేమంతా అబద్ధం రాపిచ్చి, ఆ అబద్ధాన్ని చూసి మీరు సున్నా ఏసినారు. నన్ను జైల్లో పెడతారా, పెట్టండి. ఈ మాట రాసుకోండి ముందు. చెన్నమ్మ అనే ఆడమనిషి మొగుని చావు మీద తప్పు రాపిచ్చిందని రాసుకోండి."

వీరబ్రహ్మం లేచాడు. "చెన్నమ్మా, ఆవేశంలో ఏదేదో మాట్లాడతాండావ్. కూచో."

"నువ్వు కూచోప్పా. నీ వంతు అయిపాయ. నాది కాలేదు."

వీరబ్రహ్మం నిజంగానే కూచున్నాడు. ఆళ్లగడ్డలో ఎవరూ అతనితో అట్లా మాట్లాడి ఎరగరు.

అధికారి ఇబ్బందిగా కదిలాడు. నిజాయితీపరుడే పాపం, కానీ కాగితం దాటి అడుగు వేయడం అతనికి ఎవరూ నేర్పలేదు. "చూడండమ్మా, మీ వాంగ్మూలం నమోదు చేస్తాం. కానీ ఎనిమిదేళ్ల కిందటి చావు. మనిషి లేడు, పరీక్ష లేదు. ఎవరైనా బతికున్న మనిషికి ఈ జబ్బు ఉన్నట్టు వైద్య ఆధారం ఉంటే..."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఎవరిదో చెన్నమ్మకు వెనక్కి తిరక్కుండానే తెలుసు.

"ఉండాది సార్," అన్నాడు ఎడ్విన్.

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. వీరబ్రహ్మం తెచ్చిన పనివాళ్ల మధ్య నుంచి అతను దారి చేసుకుంటూ ముందుకొచ్చాడు. సెల్‌ఫోను తీసి, అందులో ఎక్స్‌రే ఫొటో తెరిచి, దాంతో పాటు మడతపెట్టిన చీటీ ఒకటి అధికారి ముందు పెట్టాడు.

"ఈ వేసంగిలో ఈడనే నంద్యాలలో ఎక్స్‌రే తీపిచ్చుకున్న్యా. ఇది డాక్టరు రాసిచ్చిన చీటీ. టీబీ లేదు, దుమ్మే అని రాసినాడు. నన్ను కూడా అడిగినాడు, ఇంగోటేమన్నా రాయల్నా అని. వద్దు సార్, ఉన్నదే రాయండి అన్న్యా. రాపిచ్చుకోనైతే వచ్చినా గానీ, పని పోతాదని చెప్పలేకపోయినా." తల్లి వైపు చూడకుండానే అన్నాడు. "అమ్మకు కూడా చెప్పలేదు."

చెన్నమ్మ ఫోను వైపు వంగి చూసింది. ఏ కొడుకు కోసం అబద్ధం రాయించిందో, ఏ కొడుకు కోసం ఇప్పుడు నిజం చెప్పిందో, ఆ కొడుకు ఊపిరితిత్తులు ఫోనులో తెల్లగా మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. ఆమె ఆలస్యంగా వచ్చింది. ఆ సంగతి ఆమె గుండెకు సూటిగా తగిలింది. అక్కడే కూలబడి కొడుకును ఒళ్లోకి లాక్కుని ఏడవాలనిపించింది.

ఏడవలేదు. ఏడిస్తే వీళ్లంతా జాలిపడి, మంచినీళ్లిచ్చి, సభ ముగిస్తారు. ఎడ్విన్ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.  వెనక పనివాళ్లలో ఒకడు తన చీటీ కోసం మెల్లగా జేబు తడుముకుంటున్నాడు.

అనిత చీటీ తీసుకుని రెండుసార్లు చదివి, అధికారి ముందుకు జరిపింది. అధికారి కళ్లజోడు సరిచేసుకుని కలం తీశాడు.

"పేరు?"

"ఎడ్విన్."

"వయసు?"

ఎడ్విన్‌కు మళ్లీ దగ్గు తెర వచ్చింది. చెన్నమ్మ ఆగలేదు.

"ఇరవై ఆరు. రాయి సారూ. రాసినాక నాకు సూపీ, నేను చదువుకుంటా. అంతదాకా మేం ఈడినుంచి కదలం."