వారంటీ గడువు, ఆర్గిరిస్ చెవి

శనివారం మధ్యాహ్నం రెండింటికి వారంటీ అయిపోతుంది. అప్పటికే పదకొండున్నర. నేనింకా కాగితం పట్టుకుని వంటగదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను.

మోటార్‌సైకిల్ ఒకరు వాడి అమ్మిందే. రెండేళ్ళ కింద కొన్నప్పుడు అదనపు వారంటీతో వచ్చింది. అది పొడిగించాలంటే గిథియో ఊళ్ళో ఉన్న కంపెనీ షెడ్డులో బండి చూపించాలి, ఆ తర్వాత ఇంకో మెకానిక్ చెయ్యి దానిమీద పడకూడదు. అక్కడే వచ్చింది తంటా. ఆ షెడ్డుకి సరిగ్గా ఎదురుగా ఆర్గిరిస్ షెడ్డు.

ఆర్గిరిస్ మా పాపకి జ్ఞానతండ్రి. బాప్తిస్మంలో దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి, ఒంటికి నూనె రాసి, పేరు పెట్టింది ఆయనే. అలాంటివాణ్ణి మేం కుంబారే అని పిలుస్తాం, ఆయన పాప తల్లినైన నన్ను కుంబారా అంటాడు. కుంబారే మెకానిక్ అయ్యుండగా బండి ఇంకొకడి గుమ్మంలో పెట్టడమంటే నడిబజార్లో ఆయన పరువు తీసినట్టే. పైగా ఆయన చెవికి చుట్టుపక్కలంతా పేరు. బండి మలుపు తిరక్కముందే ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు.

కానీ నెల రోజులుగా ఇంజన్‌లో టక్ టక్‌మని చప్పుడు. నేను కొండమీది ఊళ్ళలో ముసలివాళ్ళకి ఇంజెక్షన్లు వేసే నర్సుని. ఆ దారికి ఓ పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. దిగుడులో ఇంజన్ పట్టేసిందా, నా శవం కూడా దొరకదు. మూడుసార్లు ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. మూడుసార్లూ స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి, పిడి చెవికి ఆనించి విని, "ఏమీ లేదే! చప్పుడు నీ బుర్రలో ఉంది. పోయి కాస్త నిద్రపో" అన్నాడు. నిజంగానే నాకు పిచ్చెక్కుతోందేమో అనుకున్నాను.

"ఇంకా ఆలోచిస్తూనే ఉన్నావా?" అంది మా అత్తగారు గరిఫాలియా, బెండకాయల తొడిమలు తీస్తూ. "నా కొడుకుని చేసుకున్నప్పుడు వారంటీ అడిగావా ఏంటి?"

"అడగాల్సింది అత్తయ్యా, బుద్ధి లేకపోయింది."

"అయితే వెళ్ళు. మొహమాటంతో చావకు."

ఊళ్ళోకి వచ్చాను. ఆయనకి తెలియకుండా ఎదుటి షెడ్డులోకి దూరిపోదామా అనుకున్నాను. ఛీ, ఎలా దూరతాను! ముందు ఆయనతోనే చెప్పేద్దామని ఇంజన్ ఆపకుండానే బండిని ఆయన షెడ్డులోకి తీసుకెళ్ళి ఆయన వెనక నిలబెట్టాను.

ఆర్గిరిస్ నాకు వీపు పెట్టి, ఏదో విప్పుతున్నాడు. "కుంబారే!" అన్నాను. తిరగలేదు. "కుంబారే!" ఈసారి అరిచాను. గోడమీద ఫోను కూడా మోగుతోంది. ఆయన తల ఎత్తలేదు. నా నీడ చేతులమీద పడ్డాక ఉలిక్కిపడి తిరిగాడు.

"అమ్మాయ్! చప్పుడు లేకుండా వచ్చి హడలగొట్టావు కదే!"

నా వెనక బండి టక్ టక్‌మని కొట్టుకుంటూనే ఉంది. అదీ ఆయనకి వినపడలేదు.

"ఫోను మోగుతోంది కుంబారే," అన్నాను ఆయన మొహంలోకి చూస్తూ.

ఆయన గోడవైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుని, స్క్రూడ్రైవర్ తీసి, పిడిని చెవికి పెట్టకుండా పళ్ళతో కరిచిపట్టుకుని, కొన ఇంజన్‌కి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. దవడ ఎముకలోంచి వినడం అది.

కళ్ళు తెరిచేసరికి మనిషి పాలిపోయాడు.

"ఉంది," అన్నాడు. "లోపల బేరింగు పోయింది. అమ్మా, ఈ బండిమీద నిన్ను నెల రోజులు కొండెక్కించానే!"

నాకు తిట్టాలనే ఉంది. ఈలోగా ఆయనే ఇంజన్ ఆపేసి, కాఫీ కొట్టు ముందు కూర్చున్న వాళ్ళంతా చూస్తుండగా బండిని తోసుకుంటూ రోడ్డు దాటాడు. ఎదుటి షెడ్డువాళ్ళతో, "మా కుంబారా బండి. వారంటీ ఇంకా గంట ఉంది. కింది బేరింగు చూడండి. గడువు కూడా పొడిగించండి," అన్నాడు.

నేను సంతకం పెట్టాను. ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. ఆయన నా భుజం తట్టాడు.

"ఈస్టర్‌కి పాప నా ఒళ్ళో కూర్చుని పాట పాడింది కదూ," అన్నాడు. "చప్పట్లైతే కొట్టాను. బాగా పాడిందా?"

ఆయన నా పెదాలు చూడగలిగేలా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పాను. "బాగా పాడింది కుంబారే."