జొన్నరొట్టెకు చపాతీ కర్ర

నోరు మూసుకుని టీవీ చూడడం నా వల్ల కాదు. తప్పు కనబడితే అనేస్తాను. ఎనభై ఆరులో మా జహీరాబాద్ గల్లీ మొత్తానికి ఒక్కటే టీవీ, అది భాగీరథక్కది. ఆమె ఇంట్లో కుర్చీలు చుట్టాలకు, చాప మాలాంటి వాళ్ళకు. సీరియల్ వస్తుంటే మాట్లాడకూడదన్న రూలు మాత్రం అందరికీ.

ఆ మంగళవారం సీరియల్లో పల్లెటూరి కోడలు జొన్నరొట్టెలు చేస్తోంది. దేనితో? చపాతీ కర్రతో! జొన్నపిండిని ఎవరైనా కర్రతో ఒత్తుతారా? చేత్తో తట్టాలి గానీ!

"అయ్యో, జొన్నరొట్టెకు బేలన్ కర్రేందే! దీనికి అమ్మ నేర్పలేదా?" అన్నాను గట్టిగా.

"నీ నోరు ఊకుండదా అనంతమ్మా? ఆ చేతులు జూడు, ఎంత నాజూకుగున్నయో. నీకు తప్పులే కనబడ్తయి," అంది భాగీరథక్క.

"చేతులు నాజూకుగుంటే రొట్టె అయితదా అక్కా?"

అంతే, టీవీ కట్టేసింది. చాప మీదున్న పదిమందీ నన్ను తినేసేలా చూశారు.

"గంత తెలిస్తే టీవోళ్ళకే రాయరాదు? నీ కార్డు టీవీల సదివిన్రనుకో, కుర్చీ ఏసి కూసోపెడ్త. సదువకుంటే మా గడప తొక్కకు!"

నాకు రోషం పొడుచుకొచ్చింది. ఇంటికెళ్ళి మా ఆయనతో కార్డు రాయించాను. ఆయన 'గౌరవనీయులైన' అంటూ మొదలుపెట్టారు.

"అది కొట్టెయ్యున్రి. జొన్నపిండి కర్రకు అంటుకొని చీలిపోతదని రాయున్రి," అన్నాను.

మూడు వారాలు ఆ గడప తొక్కలేదు. సీరియల్లో కోడలు పుట్టింటికి పోయిందో, అత్త మనసు మారిందో ఏమీ తెలియదు. పొయ్యి దగ్గర కూర్చుంటే ఆ సీరియల్ పాట మా ఇంటిదాకా వినబడేది. అబద్ధమెందుకు, రెండుసార్లు ఏడ్చాను కూడా.

నాలుగో వారం, ఉత్తరాలు చదివే కార్యక్రమం రోజున, భాగీరథక్క కిటికీ ఊచలు పట్టుకుని గల్లీలో నిలబడ్డాను. గడప తొక్కొద్దంది గానీ కిటికీ మాట ఎత్తలేదు కదా! టీవీలో కళ్ళద్దాలాయన ఒక్కొక్కటే చదువుతున్నాడు. ఒకరికి సినిమా పాటలు చాలవట. ఇంకొకరికి వార్తలు ఎక్కువయ్యాయట. ఆ తర్వాత, "జహీరాబాద్ నుంచి అనంతమ్మ గారు..."

నేను పెట్టిన కేకకు గల్లీలో కట్టేసిన మేక తాడు తెంపుకుని పోయింది.

"మీరన్నది నిజమే. ఆ నటికి రొట్టెలు చేయడం రాదట. దగ్గరగా చూపించిన చేతులు సీరియల్ వాళ్ళకు వంట చేసే ఆయనవి. గాజులు తొడిగి తీశారట. ఆయనకు చపాతీలే వచ్చు. ఇకపై సరిగ్గా తీస్తామంటున్నారు," అన్నాడు కళ్ళద్దాలాయన.

లోపల పదిమందీ పడీ పడీ నవ్వారు. "నాజూకు చేతులు!" అని ఎవరో అందుకున్నారు. భాగీరథక్క మొహం ఎర్రబడింది గానీ నవ్వు ఆమెకూ ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంటూ వచ్చి తలుపు తీసింది.

"లోపటికి రాయే. ఆ గాజులాయన నా ఇజ్జత్ తీసిండు!"

తర్వాతి నెలలో మళ్ళీ రొట్టెల సీను వచ్చింది. నేను కుర్చీలో ఉన్నాను, సరిగ్గా టీవీకి ఎదురుగా. ఈసారి ఎవరివో పనితెలిసిన చేతులు పిండిని పటపటా తట్టాయి. రొట్టె గుండ్రంగా, పల్చగా వచ్చి పెనం మీద పడింది. నా మాట విన్నారు! ఒక కార్డు ముక్కకు అంతదూరాన సీరియల్ తీసేవాళ్ళు కదిలారు! ఏమంటానో అని అందరూ నావైపే చూస్తున్నారు. నేను మాత్రం పెనం మీది ఆ రొట్టెనే చూస్తున్నాను.

అప్పుడు భాగీరథక్క దిగ్గున లేచింది.

"నీళ్ళేవి? పైన నీళ్ళు తడపకుంటే పగుల్తదే! ఓ పిల్లా, నీళ్ళు తడుపు!" అని టీవీ మీదికి అరిచింది.

"ఊకో అక్కా, సీరియల్ నడుస్తుంది," అన్నాను.

వింటేనా! గబగబా లోపలికి పోయి, ఒక కొత్త కార్డు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మీ ఆయనతోని రాపియ్యి. ఈపాలి నా పేరు గూడ పెట్టమను."