కమానుకి తలనూనె

మా అమ్మాయి వయొలిన్ కమాను వెంట్రుకలు ఎండిపోయి తెల్లటి పొడి రాలుతోందని, తలనూనె రాసి శుభ్రంగా తుడిచాను. బడివాళ్లు ఇచ్చిన వస్తువు, పాడైతే మమ్మల్నే అంటారని నా భయం. తీరా ముప్ఫైమంది పిల్లల ఆర్కెస్ట్రా సాధనలో అది తీగల మీద జారిందే తప్ప పలకలేదు.

"ఎవరు రాయమన్నారమ్మా నిన్ను? ఆ పొడి ఉంటేనే మోగేది!" పిల్ల ఒకటే ఏడుపు.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అని అరిచాను. అరిచానే గానీ, పిల్లని వెంటబెట్టుకుని ఆర్కెస్ట్రా మాస్టారి దగ్గరికి వెళ్లాను.

"తప్పు నాదండీ. పిల్లని మాత్రం ఆర్కెస్ట్రాలోంచి తీసేయకండి."

"తీసేస్తే రెండో వరస మూగబోతుందమ్మా," అంటూ ఆయన అలమరలోంచి కొత్త కమాను, రుద్దితే ఆ తెల్ల పొడి పట్టే బంక బిళ్ల ఒకటి తీసి పిల్లకిచ్చారు. "దీనికింకా పొడి పట్టలేదు. రుద్దడం మీ అమ్మకీ నేర్పు."

"అలా గీకకమ్మా! మెల్లగా, చివరిదాకా!" అని, కమాను మీద బిళ్ల రుద్దుతున్న నన్ను కసిరింది పిల్ల.

ఏడో తరగతిలో బడి మాన్పించాక నాకెవరూ ఏదీ నేర్పలేదు. ఒళ్లు మండుతున్నా, మళ్లీ మొదటినుంచి రుద్దాను.