ఇంటర్వెల్ తర్వాత

“ఆ ముత్తాతల నాటి సినిమా ఎన్నిసార్లు చూస్తావే?” అంటాడు మా ఆయన. ఎన్నిసార్లో ఎందుకు, ఒక్కసారీ పూర్తిగా చూడలేదని ఆయనకి తెలీదు. మా ఊరికి కేబుల్ వచ్చాక ఏ ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా వేసినా, సరిగ్గా ఇంటర్వెల్ వేళకి ఆయనా మా మరిదీ పొలం నుంచి వస్తారు. నేను వడ్డించడానికి లేస్తాను, ఆయన క్రికెట్ పెడతాడు. అందులో హీరోయిన్ మందాకిని అందరూ తిన్నాక గిన్నెలో అడుగంటిన అన్నం గోక్కుంటుంటే, మొగుడు “నువ్వు తిన్నావా” అని కూడా అనకుండా వక్కపొడి అడుగుతాడు చూడండి, అక్కడిదాకా నాకు కంఠతా వచ్చు. ఆ తర్వాత ఆమె ఏమైందో నా కళ్లతో నేను చూసింది లేదు.

మిగతాది చెప్పింది పక్కింటి జైనాబీ. ఆదివారాలు కూడా వాళ్లాయన సిలార్ తన కొట్లోనే ఉంటాడు కాబట్టి వాళ్ల టీవీలో ఆమె చివరిదాకా చూస్తుంది. పెళ్లికి ముందు వినుకొండ లైబ్రరీలో ఆ సినిమాకి మూలమైన నవల కూడా చదివిందట. సోమవారం మా కల్లంలో ఎర్ర మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ కథ మొదలుపెట్టేది.

“మూటా ముల్లే సర్దుకోలేదక్కా. వట్టి చేతుల్తో గుమ్మం దిగింది. పక్కూళ్లో పంతులమ్మగా చేరింది. మొగుడొచ్చి పిలిస్తే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఇక వెళ్లిరండి అంది.”

ఒకసారి అది వింటూ ఒళ్లు మర్చిపోయి కాయలేరిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. మంటకి గిలగిల్లాడుతుంటే జైనాబీ ముఖం మీద చెంబులకొద్దీ నీళ్లు కొట్టింది. “మిరపకాయల చేత్తో కళ్లు తుడుచుకునే ఆడది లోకంలో ఉందా?” అని మా అత్తగారు ఊరంతా చెప్పుకొచ్చింది. అంట్లు తోముతున్నా, పేడ తీస్తున్నా నాకు ఆ కుర్చీ, ఆ మంచినీళ్లే. గ్లాసు అందించేటప్పుడు మందాకిని ముఖం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఎంత కొట్టుకుపోయానో నాకే తెలుసు.

మొన్న చిలకలూరిపేటలో అదే సినిమా మార్నింగ్ షో వేశారు. “కల్లంలో కాయ పెట్టుకుని సినిమాలేంటి?” అన్నాడాయన. వంట చేసి మూతపెట్టి, జైనాబీతో బస్సెక్కేశాను.

ఇంటర్వెల్‌కి లైట్లు వెలగ్గానే లేచి నిలబడ్డాను. జైనాబీ కొంగు పట్టి లాగింది. “కూర్చో అక్కా. ఇక్కడ ఎవరికి వడ్డిస్తావు?”

మందాకిని వట్టి చేతుల్తోనే గుమ్మం దిగింది. బడి వచ్చింది. మొగుడూ వచ్చాడు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఆమె కుర్చీ వేయలేదు. పరుగున వచ్చి ఆయన కాళ్ల మీద పడి, తప్పు నాదేనంది. హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఆడవాళ్లు హాయిగా ఏడ్చారు.

నేను జైనాబీ వైపు తిరిగాను.

“సినిమావాళ్లు మార్చేశారక్కా. నేను చెప్పింది నవల్లోది.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నీ ముఖం చూస్తే ఇది చెప్పబుద్ధి కాలేదు.”

కోపం రావాల్సింది, రాలేదు. నాకేం కావాలో కనిపెట్టి, అది నాకోసం ఇంత జాగ్రత్తగా దాచిపెట్టిన మనిషి మా ఇంట్లో ఒక్కరూ లేరు. ఆమె చెయ్యి పట్టుకుని తనివితీరా ఏడ్చాను.

సాయంత్రం అన్నం పెడుతుంటే మా ఆయన, “ఇంతకీ చివర ఏమైందేంటి?” అన్నాడు.

“సినిమాలో మొగుడి దగ్గరికి వచ్చేసిందండి. పుస్తకంలో రాలేదంట. ఆదివారం జైనాబీతో వినుకొండ వెళ్లి ఆ పుస్తకం తెచ్చుకుంటాను. మధ్యాహ్నం మీరే వండుకోండి.”

ఆయన చేతిలో ముద్ద అక్కడే ఆగింది.

“మరి నీకేది బాగుంది?”

పెళ్లయ్యాక నాకేది బాగుందని ఆయన అడగడం అదే మొదలు.

“చదివాక చెప్తాను,” అన్నాను.