కాంగ్ వారి వాకిట్లో అరడుగు

ఇంకొంచెం ముందుకు జరిగి కూర్చోండి తల్లీ, వెనకవాళ్ళకీ చోటుంటుంది. పైనున్నవాడికి దండం పెట్టుకుని చెబుతున్నా.

పసుపు నది ఒడ్డున మా ఊళ్ళో, కాంగ్ వారి వాకిట్లో రోజూ పొద్దున్నే తాయ్ చీ సాధన. ఓ పక్క కొర్రజావ ఉడుకుతుంటుంది, ఇంకో పక్క ఇరవైమంది గాలిలో చేతులు తిప్పుతుంటారు. ఆ వాకిట్లో ఎవరు ఆ కదలికల వరస వేసినా కింద వాళ్ళ నీడ పడదు. నేర్పినవాళ్ళ నీడ పడుతుంది. ఎప్పటినుంచో అంతే. గురువు పోయినా శిష్యుడి కాళ్ళ దగ్గర తిరుగుతూనే ఉంటాడు, పిల్లలు ఆ నీడను చూసి చేతులు సరిదిద్దుకుంటారు.

ఆ ఇంటి ఆడపిల్ల సూమెయ్ వరస వేస్తే, కింద పడేది చనిపోయిన నాన్న నీడ. సన్నగా, కాస్త గూనిగా ఉంటుంది. 'పాము దిగుడు' అనే భంగిమ దగ్గర కాలు చాచి నేలకంటా వాలాలి కదా, అక్కడ ఆ నీడ అరడుగు ముందే ఆగి లేచిపోయేది. సూమెయ్‌దీ అదే అడుగు.

గొడవంతా దాని మీదే. ఆమె పెద్దనాన్న దెషాన్, డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఒకరోజు అందరి ముందూ అనేశాడు.

"చింగ్‌మింగ్ పండగనాడు పెద్దల సమాధులు ఊడ్చి వచ్చాక, గురువుల పలక మీంచి మీ నాన్న పేరు గీకేస్తా. వట్టి బద్ధకస్తుడు. నీకూ అదే అంటించాడు."

పేరు పోతే సూమెయ్‌కి నేర్పే హక్కు పోతుంది. ఆమె దగ్గర తొమ్మిదిమంది ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు.

"తాత నేర్పిందే అలాగ పెద్దనాన్నా! మీరు నేర్చుకున్నప్పుడు ఆయన వయసులో ఉన్నాడు. తాత బండి మీంచి పడి మోకాలు పోయాక కదా నాన్న నేర్చుకున్నది."

"అయితే కుంటికాలు కూడా విద్యేనా? ఆయన దగ్గినచోటల్లా దగ్గుతారా ఏం?"

అందరూ పకపకా నవ్వారు. సూమెయ్ జడ చివర పట్టుకుని నిలబడిపోయింది. నిజమేనేమో అన్న భయం ఆమెకూ ఉంది మరి.

చింగ్‌మింగ్ రానే వచ్చింది. దెషాన్ పేరు గీకే కత్తి నడుముకి దోపుకుని, "ముందు అసలుది చూడండి" అంటూ వరస మొదలెట్టాడు. అలవాటుగా అందరూ నీడనే చూశారు. వయసులో ఉన్న తాత పాములా నేలకి జారాడు. అది చూడలేక సూమెయ్ తల తిప్పుకుంది. అప్పుడు కనబడింది ఆమెకి, నీడ పైనున్న మనిషి కాలు. అరడుగు ముందే ఆగిపోయి, గజగజ వణుకుతోంది.

"పెద్దనాన్నా, మీ కాలు..."

"నోర్ముయ్! కిందికి చూడు, మీ తాత ఎలా దిగాడో!"

అని తనూ చూశాడు. నీడ నేల మీద కాలు చాచుకుని ఎదురుచూస్తోంది. కొడుకు దిగలేదు. కాసేపాగి నీడ మెల్లగా కాలు వెనక్కి లాక్కుంది, సరిగ్గా అరడుగు. కొడుకుతో పాటే పైకి లేచింది.

వాకిట్లో ఒక్కరూ దగ్గలేదు.

"ఈ అరడుగు కోసమే తమ్ముణ్ణి చచ్చేదాకా ఈ గడప తొక్కనివ్వలేదే నేను" అన్నాడు ముసలాయన. కత్తి తీసి అరుగు మీద పెట్టేశాడు. మిగతావాళ్ళకి వినబడకుండా సూమెయ్‌ని అడిగాడు: "అక్కడ బరువు ఏ కాలి మీద వెయ్యాలే?"

"వెనక్కాలి మీద పెద్దనాన్నా. మెల్లగా."

మర్నాడు పొద్దున కొర్రజావ పొంగుతుండగా దెషాన్ మళ్ళీ వరస వేశాడు. కింద నీడకి జడ ఉంది.