కొత్త విస్తరి

మొదటి బంతి లేచింది. గిడ్డమ్మ కొంగు నడుముకు దోపి, గంప తీసుకుని హోటలు భోజనాల గదిలోకి వెళ్లింది. ఎంగిలి విస్తరిని అంచు పట్టి మడవడం, గంపలో పడేయడం, నాపరాళ్ల మీద నీళ్లు చల్లి తుడవడం. మొగుడు పోయిననాటి నుంచి ఇదే పని. నడుము ఎంత వంగిపోయిందంటే, ఊరికే నిలబడినా ఏదో ఏరుకుంటున్నట్టే ఉంటుంది. కర్నూలు రాజధాని అయ్యాక కోయిలకుంట్ల బస్సులు కిటకిటలాడుతున్నాయి. గిరాకీ యజమాని సుబ్బయ్యకు పెరిగింది, వంగడం గిడ్డమ్మకు పెరిగింది.

ఈమధ్య ఆమె రోజుకొక ఎంగిలాకు ఏరి దాచుకుంటోంది. కూతురు సోమక్కకు నెలలు నిండాయి. ఇంతకుముందు ముగ్గురు పుట్టి పురిట్లోనే పోయారు. అట్లా పిల్లలు నిలవనప్పుడు పుట్టిన బిడ్డను ఎంగిలి విస్తరిలో, అంటే పుల్లాకులో, పొర్లించి పుల్లయ్య అనో, పుల్లమ్మ అనో పిలిస్తే, ఎంగిలిదని చావు ముట్టదట. గిడ్డమ్మ మొగుడు అట్లా బతికిన పుల్లయ్యే. ఆకు మాత్రం ఆనాటిదే కావాలి, పిల్లలు గలవాడు కడుపారా తిన్నదై ఉండాలి. కాన్పు కాకపోతే మరునాడు ఆ ఆకు మేకకు. ఆ పుణ్యమా అని మేక బలిసింది.

"ఏమప్పా ఓబులేసూ, నీకు పిల్లోళ్లు ఎంతమంది?" అని ఆ పూట బండి తోలుకొచ్చి, తిని లేచిన మనిషిని అడిగింది.

"ఐదుమంది మ్మా."

"అందరూ బాగుండారా?"

"బాగుండేదేంది, నన్ను పీక్కు తింటాండారు!"

గిడ్డమ్మ అతని ఆకును భద్రంగా చుట్టుకుంది. సుబ్బయ్య చూసి నవ్వాడు.

"ఒక కొత్తాకు గూడా ఇప్పియ్యప్పా," అంది. నీళ్లు చల్లి ఉంచిన కట్టలోంచి ఒకటి ఇప్పించాడు.

అది సోమక్క కోసం. పొద్దున ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు కూతురి పాదాలు నొక్కి చూస్తే, పడిన గుంట ఎంతకీ పూడలేదు. తల పగిలిపోతోందనీ, కళ్లు మసకలనీ అంది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోమని ఊళ్లో డాక్టరమ్మ అంతకుముందే నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. బస్సు కుదుపులకు బిడ్డకేమవుతుందోనని గిడ్డమ్మే పోనివ్వలేదు.

"మా, చిన్నప్పటి నుంచి హోటల్లో మిగిలిందే గిన్నెలో తెచ్చి పెడ్తివి. ఒక్కతూరి కొత్తాకేసి, కూర్చోబెట్టి పెట్టుమా," అని ఆ పొద్దునే అడిగింది సోమక్క.

"బిడ్డ బయటపడనీ, ఆకేసి పెడతా. ఇప్పుడు పండుకో."

రెండో బంతి ఇంకా లేవలేదు. పొరుగింటి గురమ్మ పరుగున వచ్చి గుమ్మంలోంచే అరిచింది. "గిడ్డక్కా, నొప్పులు శానా ఎక్కువైనాయి, రా!"

గిడ్డమ్మ రెండు ఆకులూ పట్టుకుని పరిగెత్తింది. వాకిట్లోకి రాగానే ఏడుపు వినిపించింది. బతికిన బిడ్డ ఏడుపు! కొత్తాకును చూరులో దోపి లోపలికి దూరింది. మంత్రసాని చేతిలోంచి బిడ్డను లాక్కున్నంత పని చేసి, పప్పు మరకల ఆకు మీద ఇటూ అటూ పొర్లించింది.

"పుల్లమ్మా! ఓ పుల్లమ్మా!"

బిడ్డ కెవ్వుమంది. గిడ్డమ్మ నవ్వింది. ఎన్నేళ్లకో వచ్చిన నవ్వు.

"సోమక్కా, చూడు మ్మే, ఎట్లా అరస్తాందో."

సోమక్క గోడవైపు తిరిగి ఉంది. మంత్రసాని తల వంచుకుంది.

"బిడ్డ పడినాక కాళ్లూ చేతులూ కొట్టుకున్యాది గిడ్డక్కా. నువ్వొచ్చేలోపలే ఊపిరి నిల్చిపోయినాది."

గిడ్డమ్మకు ఏడుపు రాలేదు. బిడ్డను గురమ్మ చేతికిచ్చి, కూతురి పాదం మీద వేలితో నొక్కింది. గుంట పడింది. పూడుతుందేమోనని చూస్తూ కూర్చుంది. మనవరాలి కోసం పడరాని పాట్లు పడింది, కడుపున పుట్టినదాని కోసం ఏమీ చేయలేదు. అంతే, ఇంకేమీ తోచలేదు.

పొద్దు వాలక ముందే అల్లుడు రాళ్ల గని నుంచి వచ్చాడు. సోమక్కను మోసుకుపోయారు. గిడ్డమ్మ అలవాటుగా వంగి గది తుడిచింది. ఎంగిలాకు మడిచి మేకకు వేసింది.

చూరులో దోపిన కొత్త విస్తరి మాత్రం ఒక్క మెతుకైనా అంటకుండా, చల్లిన నీళ్ల తడి ఆరి, అంచులు ముడుచుకుంటూ అక్కడే ఉంది.