ముందు చక్రం మీద వదిన

మా వదిన కొండ మీద నుంచి సైకిల్ దింపుతుంటే కింద కొట్టు దగ్గర జనం టీ తాగడం ఆపేసి చూసేవాళ్లు. ఇది నా పొగడ్త కాదు, కొట్టతని ఫిర్యాదు. గ్లాసులు ఖాళీ కావడం లేదని ఆయన గోల. రాళ్లూ చెట్ల వేళ్లూ నిండిన ఆ దారిలో మిగతావాళ్లం పళ్లు బిగించి, తెలిసిన దేవుళ్లందరినీ పిలుచుకుంటూ దిగేవాళ్లం. వదిన మాత్రం మెట్ల మీద నీళ్లు జారినట్టు దిగేది. నాకు సైకిల్ నేర్పింది కూడా ఆవిడే. మా అన్నయ్య ఇప్పటిదాకా చేసిన తెలివైన పనులు లెక్కపెడితే మొదటిదీ చివరిదీ వదినే.

వదినకు బేకరీ ఉంది. పోయినేడు అక్కడే, కడిగిన నేల మీద జారిపడితే కుడి మణికట్టు విరిగింది.

"ఇన్నేళ్లు కొండలెక్కి దిగి వంటగదిలో పడ్డానని ఎవరికీ చెప్పకండర్రా, పరువు పోతుంది," అంది ఆస్పత్రి మంచం మీద.

ఎముక చక్కగా అతుక్కుంది. ఏ పనైనా చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. పిండి పిసకడం మొదలుపెట్టింది, చెయ్యి ఏమీ అనలేదు. కొండ దిగితే మాత్రం నొప్పి పుట్టేది. మర్నాడు పిండి ముందు నిలబడి ఎడమ చేత్తో తంటాలు పడేది. పాత ఫోర్కు బిగుసుకుపోయింది, అందుకే దెబ్బలన్నీ చేతికి వస్తున్నాయని నేను తేల్చాను.

ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు కాళ్లే ఫోర్కు. మంచి ఫోర్కయితే చక్రం రాయెక్కినప్పుడు ఆ కాళ్లు కుంగి దెబ్బను మింగేస్తాయి, హ్యాండిల్ దాకా కబురు రానివ్వవు.

"సరే, కొత్తది కొందాం," అంది వదిన. "దాంతో కూడా ఇలాగే ఉంటే సైకిల్ ఎవరికైనా ఇచ్చేస్తా. నాకు ఈ చెయ్యి పిండికి కావాలి."

నవ్వుతూనే అంది, కానీ వదిన మాటంటే మాటే.

ఫోర్కు ఎంచే పని నా నెత్తిన పడింది. లిఫ్టులు పైకెళ్లేటప్పుడూ దిగేటప్పుడూ ఎంత కుదుపుతున్నాయో కొలవడం నా ఉద్యోగం. కుదుపుల సంగతి నాకే తెలుసునని ఇంట్లో వాళ్ల నమ్మకం. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మా ఇంటివాళ్లు. అన్నయ్య మాత్రం డ్రైవింగ్ నేర్పిస్తాడు కాబట్టి చక్రం ఉన్న ప్రతిదాని మీదా తనకో అభిప్రాయం ఉండాలనుకుంటాడు.

"అన్నిటికంటే పొడుగు కాళ్లది తీసుకోండి," అన్నాడు. "ఎంత ఎక్కువ కుంగితే అంత మెత్తన."

"ఇదేమన్నా మంచమా అన్నయ్యా, పొడుగుంటే కాళ్లు చాపుకోడానికి? ముందు భాగం పైకి లేస్తుంది. తిప్పితే తిరగదు."

"తిరక్కపోతే గట్టిగా తిప్పుతుంది. మీ వదిన నన్నే తిప్పుతోంది."

"నిన్ను తిప్పడానికి చిటికెన వేలు చాలు," అంది వదిన, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

పాతదానికంటే కాస్తే పొడుగున్నది ఎంచాను. లోపల ఇనుప స్ప్రింగు ఉన్నది వద్దన్నాను. వదిన పిట్టంత మనిషి, షాపులో ఉన్న స్ప్రింగులన్నీ పహిల్వాన్లకు చేసినవి. గాలితో పనిచేసేదైతే చిన్న పంపుతో మనిషికి తగ్గట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పెట్టెలోంచి తీసినప్పుడు దాని నల్లటి కాళ్లు తళతళలాడుతుంటే నేనైతే వాటినే నిమురుతూ కూర్చున్నాను. కొందరు నగలు చూసి అలా అయిపోతారు.

బిగించాక గాలి సరిచూడాలి. ఫోర్కు కాలికి సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. మనిషి ఎక్కగానే కాలు ఎంత కుంగిందో ఆ రింగు అక్కడికి జరిగి ఆగిపోతుంది. ఉత్తినే ఎక్కి నిలబడితేనే ఫోర్కు కుంగగలిగినంతలో పావు వంతు కుంగి ఉండాలి. వదిన ఎక్కింది. రింగు కదిలీ కదలనట్టు కదిలింది. గాలి తీశాను. మళ్లీ ఎక్కింది. ఇంకా చాలలేదు. మళ్లీ తీశాను.

"ఇంజనీరమ్మా, ఇంకా తీస్తావా? కాసేపయితే సైకిల్ మోకాళ్ల మీద కూర్చునేలా ఉంది."

"నువ్వు మరీ తేలిగ్గా ఉన్నావు వదినా."

"ఈ మాట మీ అన్నయ్య ముందు అను. నన్నెత్తమంటే నడుం పట్టేస్తుందంటాడు."

చివరికి రింగు పావు వంతు దగ్గర ఆగింది. నేను కాలరెగరేశాను.

ఆదివారం కొండకెళ్లాం. మొదటి పెద్ద రాతిమెట్టు దగ్గరే వదిన సైకిల్ ముక్కు కిందికి పొడుచుకుపోయింది. పడలేదు, పడే మనిషి కాదు. కానీ ప్రతి మెట్టు దగ్గరా ఫోర్కు అడుగంటా కూలబడి, ఒంట్లో బరువంతా తెచ్చి చేతుల మీద కుమ్మరించింది. సగం దారిలో దిగిపోయి, సైకిల్ని ఎడమ చేత్తో నడిపించుకుంటూ వచ్చింది. కుడి చెయ్యి చంకలో దాచుకుంది. కొట్టు దగ్గర అందరూ టీ తాగుతూనే ఉన్నారు.

"బాగుంది ఫోర్కు," అంది. "ఎవరికిచ్చినా సంతోషిస్తారు."

తిట్టినా బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం బేకరీకి వెళ్లాను. ఓ మూల స్టూలు మీద కూర్చున్నాను. వదిన బీరువాలాంటి పొయ్యిలోంచి బ్రెడ్డు పళ్లేలు తీస్తోంది. మందపాటి గుడ్డతో పళ్లెం అంచు పట్టుకోగానే నడుం వెనక్కి వాల్చి, బరువంతా ఎడమ చేతి మీద వేసుకుని, కుడి చెయ్యిని ఊరికే ఆనించి తిరుగుతోంది. ఎంత నైపుణ్యంగా తిరుగుతోందంటే అది నొప్పిని తప్పించుకోవడమని తనకే తెలియదు. ఒళ్లు తనంతట తనే నేర్చేసుకుంది.

సైకిల్ ఎక్కినప్పుడూ ఇలాగే వెనక్కి వాలి ఉంటుంది! ముందు చక్రం మీద బరువే పడలేదు, అందుకే రింగు జరగలేదు. నేనేమో మనిషి తేలిక అనుకుని గాలి తీసేశాను. మెత్తబడ్డ ఫోర్కు కొండ మీద కూలబడింది. కూలబడ్డ ఫోర్కు చేతిని నొప్పించింది. నొప్పి పుడితే మనిషి ఇంకాస్త వెనక్కి వాలుతుంది. నేను పంపు పట్టుకుని అంత శ్రద్ధగా కొలిచింది వదిన భయాన్ని!

ఆ మాట తనతో అంటే లాభం లేదు. ముందుకు వాలమంటే వాలినట్టు నటిస్తుంది, ఒళ్లు వినదు. అన్నయ్యకు ఫోన్ చేశాను.

"నీకు బాగా చేతనైన పని ఒకటుంది అన్నయ్యా. వచ్చి వదినకి కోపం తెప్పించు."

"దానికి రావడం కూడా ఎందుకే? ఫోన్లో అయిపోతుంది."

"నీ మీద చెయ్యి చేసుకునేంత కాదు, ఒట్టి మాటలతో. చాలాసేపు తిట్టాలి నిన్ను."

సామాన్ల గదిలో పిండి బస్తాలు తూచే కాటా ఉంది. ఇంటి నుంచి సైకిల్ తెచ్చి, ముందు చక్రం దాని మీద పెట్టి, వెనక చక్రం కింద అంతే ఎత్తు పలక వేసి, రెండు బస్తాల మధ్య ఇరికించాను. ఫోర్కులో గాలి మొదట ఉన్నంతకు పెంచాను.

"ఆఖరిసారి వదినా. ఇచ్చేసే ముందు లెక్క సరిగ్గా ఉండాలిగా."

"ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు," అని గొణుక్కుంటూ ఎక్కింది. కాటా ముల్లు కొంచెం కదిలి ఆగింది. రింగు కూడా అంతే.

అప్పుడొచ్చాడు మా అన్నయ్య, ఈల వేసుకుంటూ.

"ఏమోయ్, ఇంట్లో ఫ్రిజ్ కడిగేశాను. సీసాలో ఏదో పులిసి కంపు కొడుతున్న పిండి ఉంటే సింకులో పోసేశా."

ఆ పిండి వదిన బేకరీ పెట్టక ముందు నుంచీ రోజూ కొత్త పిండీ నీళ్లూ పోసి మేపుతూ పెంచుకుంటున్న పులుపు. దాంతోనే ఆ బ్రెడ్డుకు ఆ రుచి. దానికి జ్వరం వస్తుందని ఊరు వెళ్లడం మానేసిన మనిషి ఆవిడ.

"ఏం చేశావ్?" వదిన హ్యాండిల్ మీదికి ఒరిగింది. "ఏం చేశావని అడుగుతున్నా! నీకు ముక్కుందా? ముక్కున్నవాడికి బుర్రుండక్కర్లేదా?"

"ఓ గుప్పెడు పిండికి ఇంత..."

"గుప్పెడా! నిన్ను పారబోసినా మళ్లీ దొరుకుతావు, అది దొరుకుతుందా?"

రెండు చేతులూ హ్యాండిల్ మీద ఊని, సగం మనిషి ముందుకు వంగి, ఊపిరి తీసుకోడానికి కూడా ఆగకుండా తిట్టింది. కాటా ముల్లు ఎగిరింది, ఊగింది, కుదురుకుంది. ఇంతకు ముందు చూపించినదానికి దాదాపు రెట్టింపు. ఫోర్కు పావు వంతు కుంగి, బుద్ధిగా నిలబడి ఉంది. అన్నయ్య తల వంచుకుని వింటున్నాడు. అంత ఓపిక ఉందని నాకు తెలియదు.

"చాలు అన్నయ్యా."

"సీసా ఫ్రిజ్‌లోనే ఉంది," అన్నాడు వెంటనే. "మూత కూడా తియ్యలేదు. నాకు ప్రాణం మీద తీపి ఉంది."

వదిన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇంతసేపూ ఆ చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది వదినా," అన్నాను. "నీ బరువంతా మోసింది. నొప్పి పుట్టిందా?"

కిందికి చూసుకుంది. హ్యాండిల్ని బిగించి పట్టుకున్న తన కుడి చేతినే కాసేపు అలా చూసింది. వేళ్లు వదిలి మళ్లీ పట్టుకుంది. కోపంతో ఎర్రబడ్డ మొహం మెల్లగా మామూలు రంగుకొచ్చింది.

"ఫోర్కు కాలి కింద ఆ ఎర్ర మర దేనికి?" అని అడిగింది తర్వాత.

"కుంగిన ఫోర్కు ఎంత వేగంగా పైకి లేవాలో దాంతో పెట్టుకోవాలి."

దిగి, హ్యాండిల్ని అదిమి వదిలింది. మర కొంచెం తిప్పి మళ్లీ అదిమింది. "పిండిని వేలితో నొక్కి చూసినట్టే ఇదీ. చిటుక్కున లేస్తే పిండి ఇంకా పొంగలేదన్నమాట. లేవకపోతే చచ్చిందన్నమాట. మెల్లగా, తన ఇష్టం మీద లేవాలి."

నేను చదివిందీ అదే, ఇంత రుచిగా చదవలేదు.

తర్వాతి ఆదివారం ఆ రాతిమెట్టు దగ్గర నేను ముందే దిగి నిలబడ్డాను. పైన మలుపులో వదిన కనిపించింది. మెట్టు అంచున ఒక్క క్షణం ఒళ్లు వెనక్కి పోబోయింది, నాకు తెలిసింది. అంతలోనే మోచేతులు విప్పి, గడ్డం హ్యాండిల్ మీదికి తెచ్చింది. చక్రం దిగింది. ఫోర్కు కుంగి, మెల్లగా, తన ఇష్టం మీద లేచింది. ఆ తర్వాత నాకు కనిపించింది దుమ్మే.

నేను కిందికి చేరేసరికి కొట్టతను పొయ్యి దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "మళ్లీ మొదలైంది," అన్నాడు నాతో. "చూడండి, అన్నీ నిండు గ్లాసులే."

వదిన బల్ల మీద కూర్చుని, కుడి చేత్తోనే నాకో గ్లాసు అందించింది.

"ఆ బిగుసుకుపోయిన పాత ఫోర్కు ఎక్కడుంది?"

"ఇంట్లోనే. ఎందుకు?"

"మీ అన్నయ్య సైకిల్‌కి బిగించు. వచ్చే ఆదివారం నా వెనకాలే దిగుతాడు. నా పిండి పేరెత్తినవాణ్ని ఊరికే వదుల్తాననుకున్నావా?"